మొదటి మలుపు దాటగానే విప్పేస్తున్న జాకెట్

ఉత్తరం రాసిన పెద్దమనిషికి యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా బైకు నడుపుతున్నారు. పోయిన ఏడాది ఒక మలుపులో ఇసుక మీద చక్రం జారి పడ్డారు. పెద్ద వేగమేమీ లేదు, ఎముకలూ విరగలేదు. కానీ పొడుగు చేతుల చొక్కా మోచేతి దగ్గర చిరిగిపోయి, అరచేయంత మేర చర్మం లేచిపోయింది. మానడానికి నెలన్నర పట్టింది. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆ గాయం ఫోటో చూసిన రోజు నుంచి రైడింగ్ జాకెట్ కొనుక్కోమని పోరుతూనే ఉంది. ఈయన రేపు మాపు అంటుంటే, చివరికి తాను దాచుకున్న డబ్బుతో ఖరీదైన తోలు జాకెట్ ఒకటి తెప్పించి ఇంటికి పంపింది.

అది వచ్చి పద్దెనిమిది రోజులైంది. వెనక్కి పంపడానికైనా, మార్చుకోవడానికైనా నెల రోజుల గడువు. అందులో పన్నెండు రోజులు మిగిలాయి.

ఇక ఆయన మాటల్లోనే: "వేసుకుంటే అట్టపెట్టెలో దూరినట్టుంది. చేతులు పైకెత్తితే జాకెట్ మొత్తం పైకి లేస్తుంది. కాలరు గొంతు నొక్కుతుంది. అద్దం ముందు నిలబడితే ముందు అంచు బెల్టు పైకి పోతుంది. వీపు మీద చిన్న గూనిలా ఏదో ఉబ్బు ఉంది. లోపల దూది కుట్టినట్టు ఇంకో పొర ఉంది, అది ఊడుతుందో లేదో తెలియదు. తూకం వేస్తే మూడున్నర కిలోలు. ప్రతి ఆదివారం పొద్దున్నే వేసుకుని బయల్దేరుతాను. పెట్రోలు బంకులో ఒక ఫోటో తీయించుకుని అమ్మాయికి పంపుతాను. మొదటి మలుపు దాటగానే విప్పి వెనక సీటుకు కట్టేస్తాను. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఒంటి మీదే ఆరనిమ్మని మా బావమరిది అంటాడు. రెండు సైజులు పెద్దది తీసుకోమని తోటి రైడర్ ఒకరు, ఇంట్లో ఉన్న నూనె ఏదైనా పట్టించమని ఇంకొకరు అంటున్నారు. ఇది వాడగా వాడగా పోయే బిగుతా, ఎన్నాళ్లు వాడినా పోనిదా? మార్చమంటే అమ్మాయి నొచ్చుకుంటుందా?"

*

అయ్యా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం వెనక సీటుది. ఇప్పటికి రెండు మూడు ఆదివారాలుగా ఆ జాకెట్ మీ బండి సీటును మాత్రం చక్కగా కాపాడుతోంది. మిమ్మల్ని ఎగతాళి చేయడానికి అనడం లేదు. నా మొదటి జాకెట్ కూడా సగం ప్రయాణాలు అలాగే చేసింది. కాకపోతే మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోది, అంటే కూతురి సంగతి, మీరు అనుకుంటున్నంత కష్టమైనది కాదు. మొదటిదే కాస్త చిక్కు. ముందు దాన్ని విప్పుదాం.

మీరు బిగుతు అని ఒకే మాట వాడారు గానీ అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. తోలు గట్టిదనం ఒకటి, సైజు ఒకటి, కుట్టిన తీరు మరొకటి. గట్టిదనం వాడకంతో పోతుంది. సైజు తప్పితే అది ఇంచుమించు అలాగే ఉండిపోతుంది. కుట్టిన తీరు మీ బండికి సరిపడకపోతే పదేళ్లు వాడినా మారదు. కాబట్టి ఈ పన్నెండు రోజుల్లో జాకెట్‌ను మెత్తబరిచే పని పెట్టుకోకండి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది మూడింటిలో ఏదో తేల్చుకోండి, అది చాలు.

ముందుగా ఆ దూది పొర. చలికాలానికి పెట్టే లోపలి లైనింగు చాలా జాకెట్లలో ఊడుతుంది. కాలరు లోపలి అంచు వెంబడి, ముందు జిప్పు పక్కన వేలితో తడిమి చూడండి. సన్నని జిప్పో, ప్రెస్ బటన్లో తగులుతాయి. చేతుల చివర కూడా ఒకటి రెండు బటన్లు ఉండవచ్చు. ఆ పొర తీసేస్తే ఛాతీ దగ్గర, చంకల దగ్గర సగం సైజు పెరిగినంత తేడా కనిపిస్తుంది. అది ఉందని తెలియక జాకెట్ చిన్నదైందని వెనక్కి పంపేసిన వాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత భుజాల దగ్గరా మోచేతుల దగ్గరా దెబ్బ తగలకుండా పెట్టిన ప్యాడ్లను లోపలి జేబుల్లోంచి తీసి, మళ్లీ తొడిగి చూడండి. ఇది పరీక్ష కోసం మాత్రమే. ప్యాడ్లు తీశాక హాయిగా ఉంటే మీకు అడ్డం వస్తున్నది తోలు కాదు, ప్యాడ్లు. కొత్త ప్యాడ్లు కొన్ని చల్లగా ఉన్నప్పుడు చెక్కలా ఉండి, ఒంటి వేడికి మెత్తబడి మోచేతి వంపును పట్టుకుంటాయి. ప్యాడ్లు, లైనింగు రెండూ తీశాక కూడా జిప్పు వేయడానికి ఊపిరి బిగబట్టాల్సి వస్తుంటే ఇక అనుమానం అక్కరలేదు, అది సైజు తప్పే.

ఆ తర్వాత అసలు పరీక్ష. అది అద్దం ముందు జరగదు. మీరు నిలబడి చూసుకుంటున్నారు, కానీ రైడింగ్ జాకెట్‌ను కూర్చున్న మనిషి కోసం కుడతారు. చేతులు ముందుకు చాచి, వీపు కొంచెం వంచి, హ్యాండిల్ పట్టుకున్న మనిషి దాని కొలత. అందుకే జాకెట్ చేతులు ముందే వంపు తిరిగి ఉంటాయి, వెనక భాగం పొడుగ్గా, ముందు పొట్టిగా ఉంటుంది. నిలబడితే అది ఎవరికైనా వింతగానే కనిపిస్తుంది. బండిని ఇంటి దగ్గరే సెంటర్ స్టాండు వేసి, శుభ్రమైన చొక్కా మీద జాకెట్ తొడుక్కుని, హెల్మెట్ కూడా పెట్టుకుని పావుగంట కూర్చోండి. చేతులు హ్యాండిల్ మీద ఉన్నప్పుడు జాకెట్ చేయి మణికట్టు ఎముకను దాటి ఉండాలి. మోచేతి ప్యాడ్ సరిగ్గా మోచేతి ఎముక మీద కూర్చోవాలి, ముంజేతి మీద కాదు. వెనక అంచు నడుమును కప్పాలి. తల అటూ ఇటూ తిప్పి, పైకెత్తి చూడండి. హెల్మెట్ వెనక అంచు కాలరుకు తగిలి ఆగిపోకూడదు. అప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి, ప్యాడ్‌ను జాకెట్ బయటినుంచి పట్టుకుని మెలితిప్పమనండి. ఎముక మీదనుంచి పక్కకు జారిపోయిందంటే, మీరు పడినప్పుడు రోడ్డు కూడా దాన్ని అలాగే పక్కకు తోసేస్తుంది.

ఈ జారుడు వల్లే రెండు సైజులు పెద్దది తీసుకోమన్న మీ మిత్రుడి మాట నాకు నచ్చలేదు. నేను ఆ తప్పు చేశాను. అంగట్లో నిలబడి తొడిగితే రాజభోగంలా ఉన్న జాకెట్ కొనుక్కున్నాను. ఒకసారి రోడ్డు పక్క గడ్డి మీదికి మెల్లగా ఒరిగిపోయాను. పెద్ద దెబ్బేమీ తగల్లేదు గానీ లేచి చూసుకుంటే మోచేతి ప్యాడ్ మోచేతి మడత లోపలికి, అంటే చేతికి అవతలి వైపుకు తిరిగి ఉంది. అక్కడ తారు రోడ్డు ఉండి ఉంటే మీరు పోయిన ఏడాది చూసిన గాయం నాకూ దక్కేది. కొత్తలో కొంచెం ఒత్తినట్టుండే జాకెట్‌కే నా ఓటు. తోలు ఒంటి చుట్టూ అడ్డంగా కొద్దిగా సాగి సర్దుకుంటుంది. పొడవులో మాత్రం సాగదు. పైగా మోచేతి దగ్గర మడతలు పడ్డాక జాకెట్ చేయి కాస్త పొట్టిదవుతుంది. అందుకని కొత్త జాకెట్‌లో చేయి పొడుగు ఒక వేలెడు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇక నాకు ఎక్కువ అనుమానం ఉన్నది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ గూని మీద. వీపు పైభాగాన, మెడ కింద ఉండే ఆ ఉబ్బు రేసు జాకెట్లలో పెడతారు. ట్యాంకు మీదికి పూర్తిగా వంగి పోతున్నప్పుడు హెల్మెట్ వెనక గాలి సాఫీగా జారడానికి అది ఉపయోగం. అలాంటి జాకెట్‌లో మిగతా కుట్టంతా కూడా బాగా వంగి కూర్చునే మనిషి కోసమే ఉంటుంది. మీరు నడిపే బండి పేరు రాయలేదు గానీ, ముప్పై ఏళ్ల అలవాటు, ఆదివారం షికారు, వెనక సీటుకు సామాను కట్టడం చూస్తే మీరు నిటారుగా కూర్చునే బండే నడుపుతున్నారని నా ఊహ. నిటారుగా కూర్చున్న మనిషికి రేసు కుట్టు తొడిగితే కాలరు గొంతులోకి వస్తుంది, ముందు అంచు పైకి పోతుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ అవే. బండి మీద కూర్చున్నాక కూడా కాలరు గొంతు నొక్కుతూనే ఉంటే, మీ అమ్మాయి సైజు సరిగ్గానే ఎంచింది గానీ రకం మాత్రం తప్పిందని అర్థం. అందులో ఆమె తప్పేమీ లేదు. ఫోటోల్లో అందరి కళ్లకూ ముందు ఆనేవి ఆ రేసు జాకెట్లే.

ఇంతకీ మీ చేతిలో ఉన్నది మంచిదేనా? లోపలి లేబుల్ చూడండి. మోటారు సైకిలు బొమ్మ, దాని దగ్గర ఈఎన్ 17092 అన్న అంకె, ఏఏఏ, ఏఏ, ఏ అన్న తరగతుల్లో ఒకటి ఉండాలి. ఇది ఐరోపా ప్రమాణం, 2020లో వచ్చింది. బట్ట ముక్కనో తోలు ముక్కనో గిరగిర తిప్పుతూ కాంక్రీటు మీదికి వదిలి, చిల్లు పడుతుందా లేదా చూస్తారు. భుజాలు, మోచేతుల వంటి ముఖ్యమైన చోట్ల ఏఏఏకి గంటకు 120 కిలోమీటర్లు, ఏఏకి 70, ఏకి 45 కిలోమీటర్ల వేగానికి సరిపడే పరీక్ష అది. ఆ వేగంలో పడితే ఏమీ కాదని దాని అర్థం కాదు, ఒక జాకెట్‌ను మరోదానితో పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. బీ, సీ అన్న తరగతులు కూడా ఉన్నాయి. బీలో ప్యాడ్లు ఉండనక్కరలేదు. సీ అంటే ప్యాడ్లను పట్టి ఉంచే తొడుగు మాత్రమే, రాపిడికి దాన్ని నమ్ముకోకూడదు. ప్యాడ్ల మీద వేరే ముద్ర ఉంటుంది: ఈఎన్ 1621-1, పక్కన 1 గానీ 2 గానీ. అయిదు కిలోల బరువును మీటరు ఎత్తునుంచి వదిలినంత దెబ్బ కొట్టి, ప్యాడ్ దాటి లోపలికి ఎంత బలం వచ్చిందో కొలుస్తారు. ఆ బలాన్ని కిలోన్యూటన్లలో చెబుతారు, ఎంత తక్కువైతే అంత మేలు. సగటున 35లోపు ఉంటే మొదటి స్థాయి, 20లోపు ఉంటే రెండోది. వీపు ప్యాడ్‌కు హద్దులు ఇంకా కఠినం, మొదటి స్థాయికి 18, రెండోదానికి 9.

ఆ వీపు జేబులో చెయ్యి పెట్టి చూడటం మరిచిపోకండి. ఖరీదైన జాకెట్లలో కూడా అక్కడ ముద్ర లేని పలచని స్పాంజి ముక్క పెట్టి వదిలేయడం మామూలే. అది ఆకారం కోసమే. అసలు ప్యాడ్ విడిగా కొని పెట్టుకోవాలి. దాని మందం కూడా కలిశాకే సైజు సంగతి తేలుతుంది.

ఇవన్నీ చూశాక మీ ముందు నాలుగు దారులు ఉంటాయి.

బండి మీద కూర్చుంటే అంతా ఎక్కడికక్కడ కుదిరి, మిగిలింది గట్టిదనం ఒక్కటే అయితే జాకెట్ ఉంచేసుకోండి. కానీ గడువు ముగిసేదాకా ట్యాగు తెంపకండి, ఏ క్రీమూ పూయకండి, దాన్ని వేసుకుని ఇక బయటికి పోకండి. ఇంట్లోనే రోజూ అరగంట తొడుక్కుని తిరగండి. అది నిర్ణయానికీ పనికొస్తుంది, తోలుకూ మంచిదే. గడువు దాటాక దగ్గర దూరాలకు వేసుకోవడం మొదలుపెట్టండి. తోలు ఒంటి వేడికీ కదలికకూ లొంగుతుంది, దానికి అడ్డదారి లేదు. పదిహేను, ఇరవై సార్లు వాడేసరికి మోచేతి లోపలి వైపు మూడు నాలుగు మడతలు పడి, ఆపైన ప్రతిసారీ అక్కడే మడుచుకుంటుంది. విప్పి మేకుకు తగిలించినా చేయి వంగే ఉంటుంది. ఆ వంపు కనిపించిన రోజు జాకెట్ మీదైందని లెక్క. కాలరును చేత్తో చుట్టి వదులుతూ ఉండండి, లోపల మెత్తని గుడ్డ కట్టుకోండి. జిప్పు పట్టేస్తుంటే కొవ్వొత్తి మైనం పళ్ల మీద రుద్దితే చాలు.

బావమరిది గారి నీళ్ల వైద్యం వద్దు. దానితో బాగుపడిన వాళ్లు ఉన్నారని అంటారు, ఉండవచ్చు. కానీ తడిసిన తోలు ఆరేటప్పుడు తనలోని నూనెను కోల్పోయి మునుపటికంటే బిరుసెక్కే ప్రమాదం ఉంది. రంగు దిగుతుంది, లైనింగు ఆరక ముక్క వాసన వస్తుంది. ఆరబెట్టడానికి ఎండలో వేస్తే ఇంకా చెడుతుంది. నూనె సంగతీ అంతే. ఇంట్లో దొరికే నూనె పట్టిస్తే తోలు మెత్తబడటంతో ఆగదు, జిడ్డు పట్టి, దుమ్ము అతుక్కుని, కొన్నాళ్లకు పాడు వాసన వేస్తుంది. తోలు కోసం అమ్మే క్రీమును వేలి కొసకు అంటుకునేంత తీసుకుని గుడ్డతో పలచగా రాయండి, ఏడాదికి రెండు మూడు సార్లు చాలు. అనుకోకుండా వానలో తడిస్తే వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి నీడలో ఆరనివ్వండి, ఆరాక ఆ క్రీము రాయండి.

రకమే తప్పిందని తేలితే అదే కంపెనీలో దూర ప్రయాణాల కోసం కుట్టే రకానికి మార్చుకోవడం రెండో దారి. ఇది మీకు అన్నిటికంటే సరిపడుతుందని నాకు అనిపిస్తోంది. కూతురి కానుక కానుకగానే ఉంటుంది, మీ మెడా ఊపిరి పీల్చుకుంటుంది. కొంచెం తిరకాసు ఏమిటంటే కొత్తది వచ్చాక ఈ పరీక్షలన్నీ మళ్లీ చేయాలి. మార్చిన దానికి మళ్లీ గడువు ఇస్తారో లేదో ముందే అడగండి.

మూడోది, తోలు వదిలేసి గట్టి నేత బట్టతో కుట్టిన జాకెట్ తీసుకోవడం. ఇది మొదటి రోజే మెత్తగా ఉంటుంది, బరువు తక్కువ, జాలీ రకమైతే వేడిలోనూ గాలి ఆడుతుంది. సాధారణంగా రాపిడికి మంచి తోలంత నిలవదు, ఒకసారి పడితే చాలావరకు దాని ఆయుష్షు తీరినట్టే. కానీ అందులోనూ ఏఏ, ఏఏఏ ముద్ర ఉన్నవి దొరుకుతున్నాయి. మూడున్నర కిలోలు మోయడమే మీకు అసలు కష్టమైతే దీని గురించి ఆలోచించండి. సీటుకు కట్టిన ఏఏఏ కంటే ఒంటి మీదున్న ఏఏ మేలని వేరే చెప్పాలా?

నాలుగోది తోలు పని తెలిసిన దర్జీకి ఇచ్చి చంకల కింద, పక్కల్లో పట్టీ వేయించుకోవడం. పక్క కుట్లు విప్పవచ్చు. భుజం మీద, మోచేతి మీద ఉన్న కుట్ల జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి, రోడ్డు మొదట తగిలేది అక్కడే. కత్తెర పెట్టాక ఎవరూ వెనక్కి తీసుకోరు, లేబుల్ మీది తరగతికీ హామీ ఉండదు. గడువు దాటిపోయి వేరే గతి లేనివాళ్లకు పనికొచ్చే దారి ఇది. మీకింకా ఆ అవస్థ రాలేదు.

అసలు తోలు జాకెట్‌కూ ఈ గట్టిదనానికీ చుట్టరికం పాతది. బైకు నడిపేవాళ్ల కోసం ముందు జిప్పు పెట్టిన తోలు జాకెట్‌ను న్యూయార్క్‌లో అర్వింగ్ షాట్ 1928లో కుట్టి, దానికి తనకిష్టమైన చుట్ట పేరు పెర్ఫెక్టో అని పెట్టాడు. ఆయన దగ్గర కొన్నవాళ్లు కూడా మొదటి నెల మీలాగే చేతులు ఎత్తలేక తిప్పలు పడే ఉంటారు. తేడా ఏమిటంటే వాళ్లు పెట్రోలు బంకు ఫోటోలు పంపలేదు.

ఆ ఫోటోల దగ్గరికే వస్తున్నాను. మీ అమ్మాయి కొన్నది జాకెట్ కాదు, మీ మోచేయి మళ్లీ అలా కాకూడదన్న నిశ్చింత. ఆదివారం మీ ఫోటో చూసి ఆమె ఆ పూట నిశ్చింతగా ఉంటుంది, మీరేమో చొక్కాతో పోతుంటారు. జాకెట్ మార్చమంటే ఆమె నొచ్చుకుంటుందని మీ భయం. ఇంకోసారి పడి, ఆ రోజు జాకెట్ ఎక్కడుందని ఆమె అడిగితే అప్పుడేం చెబుతారు? చెప్పకుండా గడువు దాటనిచ్చారనుకోండి. డబ్బూ పోతుంది, జాకెట్ బీరువాకెక్కుతుంది, మీరు ప్రతి ఆదివారం నాటకం ఆడాలి. ఇప్పుడే చెబితే ఒక పూట ఇబ్బందిగా ఉంటుంది. సీటుకు కట్టిన సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెప్పేస్తాను, నవ్వుతూనే. పెంచిన బిడ్డ కాబట్టి రెండు చీవాట్లు పెట్టవచ్చు. ఇంత ఖరీదు పెట్టి నచ్చలేదని మాత్రం అనకండి, అది నిజం కూడా కాదు. "అమ్మా, జాకెట్ మంచిదే, నేను కూర్చునే తీరుకు పడటం లేదు, ఇద్దరం కలిసి చూద్దాం" అంటే చాలు. కొన్న అకౌంటు ఆమెది కాబట్టి మార్పిడి ఎలాగూ ఆమె చేతి మీదుగానే జరగాలి.

ఈ ఆదివారం బంకు దాకా పోకండి. ఇంటి ముందే బండి ఎక్కి, హెల్మెట్ పెట్టుకుని, చేతులు హ్యాండిల్ మీద వేసి, ఎవరిచేతనైనా పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి ఫోటో తీయించి ఆమెకు పంపండి. మణికట్టు దగ్గర చేయి ఎక్కడ ఆగిందో, కాలరు గొంతులోకి ఎంత వచ్చిందో అందులో కనిపిస్తుంది. తర్వాత ఫోన్ చేయండి.